చంపాల్సిన పురుగు ఒకటి, సాకాల్సిన పురుగు ఇంకొకటి

తొలకరి వాన గట్టిగా పడ్డ సాయంత్రం మర్రిగూడలోనైనా, నాంపల్లి, చండూరు, దేవరకొండ దిక్కు ఏ ఊళ్లోనైనా వీధి దీపం కింద నిలబడి చూడండి. పెంకు పురుగులు టపటపా రాలి పడుతుంటాయి. గోడకు కొట్టుకుని వెల్లకిల పడి కాళ్లు కొట్టుకుంటాయి. మనం వాటన్నిటికీ కలిపి పెంకు పురుగులని ఒక్క పేరు పెట్టి, చెప్పుతో తొక్కి ఇంట్లకు పోతాం. కోళ్లున్న ఇల్లయితే పొద్దున్నే వాటికి పండుగ.

రైతు సోదరులారా, ఆ రాలి పడ్డ గుంపులో కనీసం రెండు తెగలు ఉంటాయి. ఒకటి మీ పంట వేరు కొరికి తినే వేరు పురుగు తల్లి. రెండోది మీ పశువుల పెండను నేలలోకి దించి, చేనుకు ఎరువు మోసే పెండ పురుగు. రెండూ ఒకే కుటుంబానివే. శాస్త్రజ్ఞులు దాన్ని స్కారబ్ కుటుంబం అంటారు. ఇంటిపేరు ఒక్కటే, ఉండే చోటు వేరు, తినే తిండి వేరు, బతుకు తీరు అసలే వేరు. ఈ తేడా తెలియక మనం చంపాల్సినదాన్ని వదిలిపెట్టి, సాకాల్సినదాన్ని చంపుకుంటున్నామని నా అభిప్రాయం. ఎందుకంటున్నానో చెబుతాను.

ముందు వేరు పురుగు సంగతి. దీని ఇల్లు మన చెల్క. ఇసుక పాలు ఎక్కువగా ఉండి, నీరు నిలవని ఎర్ర నేల దీనికి బాగా నచ్చుతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఆస్ట్రేలియా వాళ్లతో కలిసి దక్షిణ భారతంలోని పల్లి చేన్లను తవ్వి చూసి, ఆ వివరాలు అచ్చు వేశారు. దక్కన్ పీఠభూమి నడిమి భాగంలో హోలోట్రైకియా రెనాడి అనే రకం ఎక్కువని, దక్షిణానికి, పడమరకు పోయినకొద్దీ హోలోట్రైకియా సెర్రేటా అనే రకం ఎక్కువని తేల్చారు. పేర్లు నోరు తిరగనివే గానీ, రైతుకు కావలసింది వాటి తీరు. ఆ తీరు రెండింటిదీ ఇంచుమించు ఒక్కటే.

ఏడాదికి ఒక్కటే తరం. తల్లి పురుగు ఎండకాలమంతా భూమి లోపల కదలకుండా పడుకుని ఉంటుంది. రోహిణిలో గానీ మృగశిరలో గానీ ఒక మంచి వాన పడి నేల తడిసిందంటే, ఆ సాయంత్రం చీకటి పడుతుండగా పైకి వస్తుంది. వచ్చింది వచ్చినట్టు దగ్గరలో ఉన్న వేప చెట్టుకో, రేగు చెట్టుకో, తుమ్మ చెట్టుకో ఎగిరి పోతుంది. అక్కడే జత కడుతుంది, రాత్రంతా ఆకు తింటుంది, తెల్లారకముందే మళ్లీ మట్టిలో దూరుతుంది. ఆడ పురుగు ఒక వాసన వదిలితే దాన్ని పట్టుకుని మగవి వస్తాయి. రెనాడి రకంలో ఆ వాసన అనిసోల్ అనే పదార్థానిదని శాస్త్రజ్ఞులు 2002లో గుర్తించారు.

జత కట్టిన తర్వాత తల్లి చెల్కలో గుడ్లు పెడుతుంది. వారం పది రోజులకు పిల్ల పురుగు బయటపడుతుంది. చిన్నప్పుడు మట్టిలో మాగని చెత్త, సన్న వేర్లు తింటుంది. మఖ, పుబ్బ కార్తెలు వచ్చేసరికి వేలంత లావై, తెల్లగా, కొడవలిలా వంగి, పల్లి మొక్క తల్లి వేరునే కొరికేస్తుంది. మొక్క పసుపు పచ్చగా మారి వాడిపోతుంది. నీళ్లు తక్కువయినయని మనం అనుకుంటాం. పట్టి లాగితే పుల్ల లాగా చేతికి వస్తుంది, కింద వేరు ఉండదు. ఒకే సాలులో వరుసగా నాలుగైదు మొక్కలు అట్లా పోయాయంటే ఇక అనుమానం అక్కర్లేదు. జొన్న, సజ్జ, మిరప కూడా దీనికి తిండే. దసరా, దీపావళి నాటికి లోతుకు దిగి గూడు కట్టుకుంటుంది. అదే గూట్లో రెక్కలు వచ్చి, మళ్లీ తొలకరి దాకా నిద్ర.

ఇప్పుడు పెండ పురుగు. దీని ఇల్లు చెల్క కాదు. కంచె భూమి, గుట్ట బోడు, చెరువు శిఖం, బర్రెలు గొర్రెలు తిరిగే బాట దీని ఊరు. పశువు పెండ వేసి పది అడుగులు పోకముందే వాసన పట్టి వస్తుంది. వీటిలో మళ్లీ మూడు పనుల వాళ్లున్నారు. కొన్ని పెండను ఉండ చేసి, తల కిందికి పెట్టి వెనుక కాళ్లతో దొర్లించుకుపోతాయి. కొన్ని పెండ కుప్ప కిందనే గుంత తవ్వి లోపలికి దించుకుంటాయి. మన దగ్గర ఎక్కువగా పని చేసేవి ఈ తవ్వే రకాలే. ఇంకొన్ని చిన్నవి పెండలోనే కాపురం పెడతాయి. చిన్నప్పుడు పశువులు కాసినవాళ్లు ఈ ఉండల ఆట చూసే ఉంటారు. ఆ ఉండను చూసే పాతకాలం ఈజిప్టు వాళ్లు, సూర్యుణ్ని ఆకాశంలో దొర్లించేది ఇట్లాంటి దేవుడే అనుకుని కొలిచారు. ఆఫ్రికాలో ఒక రకం పెండ పురుగు రాత్రిపూట పాలపుంత వెలుగును చూసి దారి తప్పకుండా పోతుందని 2013లో శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. మనం చెప్పుతో తొక్కే పురుగు సంగతి ఇది.

రైతుకు కావలసింది దేవుడు, చుక్కలు కాదు, లాభం ఏమిటన్నది. పెండ ఎండలో పడి ఉంటే అందులోని నత్రజని చాలా భాగం గాలిలో కలిసిపోతుంది. యూరియా బస్తా కోసం లైన్లో చెప్పులు పెట్టి నిలబడే మనం, ఇంటి నత్రజనిని ఎండకు వదిలేస్తున్నామన్న మాట. పెండ పురుగు దాన్ని వేర్ల దగ్గరికి దించుతుంది. అది తవ్విన బొక్కలలో వాన నీరు ఇంకుతుంది. బోర్లు వట్టిపోయే మన మెట్ట ప్రాంతంలో నీరు ఇంకడమంటే ఏమిటో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. పెండ త్వరగా మాయమైతే ఈగలు తగ్గుతాయి, పెండలో పొదిగి గడ్డి మీదికెక్కే నట్టలు కూడా తగ్గుతాయి.

ఇది మన ఊరి మాట మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలో అక్కడి పెండ పురుగులు కంగారూ జంతువుల చిన్న లద్దెలకే అలవాటు పడ్డవి. తెల్లవాళ్లు ఆవులను తెచ్చాక ఆ పెద్ద పెండను ముట్టుకునే పురుగే లేకపోయింది. పెండ గట్టిపడి గడ్డిని కప్పేసింది, ఈగలు ముసిరాయి. చివరికి వాళ్ల ప్రభుత్వ పరిశోధనా సంస్థ బోర్నమిస్సా అనే శాస్త్రజ్ఞుడి ఆలోచన మీద 1960లలో ఒక పథకం మొదలుపెట్టింది. ఆఫ్రికా, యూరప్ నుంచి పురుగులను తెప్పించి, శుభ్రం చేసి, 1968 నుంచి బీళ్లలో వదిలారు. నలభైకి పైగా రకాలు వదిలితే ఇరవైకి పైగా నిలదొక్కుకున్నాయి. ఒక దేశం డబ్బు పోసి విమానాల్లో తెప్పించుకున్న పనివాడు మన కంచెలో కూలి అడగకుండా పని చేస్తున్నాడు.

ఇక్కడే ఒక పాత మాటను సవరించాలి. "పెండ ఎరువు తోలితేనే చేన్ల వేరు పురుగు వస్తది" అని పెద్దలు అంటారు. అందులో సగం నిజం ఉంది. పచ్చి పెండ, సగం మాగిన ఎరువు చేనులో చల్లితే వేరు పురుగు పిల్లలకు మొదటి తిండి దొరుకుతుంది, తల్లి కూడా అట్లాంటి చోటే గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. బాగా మాగిన ఎరువుతో ఆ భయం తక్కువ. కానీ దాన్ని పట్టుకుని పెండ పురుగును నిందించడం తప్పు. పెండ పురుగు పిల్ల తన తల్లి కట్టిన పెండ ఉండలోనే పుట్టి, అక్కడే తిని, అక్కడే రెక్కలు తెచ్చుకుంటుంది. ఉండ పగిలి బయటపడితే అది బతకదు. కాబట్టి చేనులో వేర్ల మధ్య స్వేచ్ఛగా తిరిగే తెల్ల పురుగు ఏదైనా సరే, అది పెండ పురుగు పిల్ల కాదు.

మరి పెంట కుప్పలో బొద్దుగా కనిపించే తెల్ల పురుగులు ఎవరివి అంటారా? అవి చాలావరకు వేరే దాయాదులవి. బొటనవేలంత లావుగా ఉంటే అది కొమ్ము పురుగు పిల్ల కావచ్చు. అది పెద్దయ్యాక కొబ్బరి, తాటి, ఈత చెట్ల మొవ్వు తొలుస్తుంది. కల్లు గీసే గౌడన్నలకు అది బాగా తెలిసిన శత్రువు, దాన్ని కుప్పలోనే ఏరెయ్యాలి. ఒక చిన్న పరీక్ష చెబుతాను. పురుగును చదునుగా ఉన్న బండ మీద వేయండి. కాళ్లు పైకి పెట్టి, వీపు మీద పాకుతూ పోయిందంటే అది పూల పెంకు పురుగు పిల్ల. చెత్తను మాగబెట్టే పని దానిది, దాన్ని వదిలేయండి.

ఈ రెండు పురుగుల మధ్య నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే తేడా పిల్లలను కనే లెక్కలో ఉంది. తవ్వే రకం పెండ పురుగుల్లో చాలావాటికి సంతానం తక్కువ. ఒక్కొక్క ఉండ కట్టి, ఒక్కొక్క గుడ్డు పెట్టి, కొన్ని రకాలైతే పిల్ల పెద్దయ్యేదాకా గుంతలోనే కాపలా కూర్చుంటాయి. వేరు పురుగు తల్లి అట్లా కాదు, గుడ్లు పదుల్లో పెట్టి తన దారిన తాను పోతుంది. అంటే పెండ పురుగును ఒకసారి ఊడ్చేస్తే మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. వేరు పురుగును పిల్ల దశలో ఎంత చంపినా మిగిలిన కొన్ని మళ్లీ చేను నింపుతాయి. దాన్ని పట్టాల్సింది గుడ్డు పెట్టకముందే.

లెక్క కోసం ఇట్లా అనుకుందాం. చదరపు మీటరుకు ఒక వేరు పురుగు ఉంటే పంటకు నష్టం మొదలవుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎకరం అంటే సుమారు నాలుగు వేల చదరపు మీటర్లు. ఒక ఆడ పురుగు గుడ్లలో 20 మాత్రమే బతికి పెద్దవయ్యాయని అనుకున్నా, 200 ఆడ పురుగులు చాలు ఎకరం చేనును పాడు చేయడానికి. ఆ 200 పురుగులు తొలకరి రాత్రి మీ గట్టు మీది నాలుగు వేప చెట్ల మీదనే ఉంటాయి. ఆ రాత్రి దాటిందంటే నాలుగు వేల చోట్ల, మట్టి కింద వెతకాలి.

అందుకే నేను గుళికల మందును నమ్మను. ఒకప్పుడు వేరు పురుగు అనగానే దుకాణదారు ఫోరేట్ గుళికలు చేతిలో పెట్టేవాడు. ఆ మందును మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించారు. ఎవరైనా పాత నిల్వ ఉందని చాటుగా ఇస్తే తీసుకోవద్దు, అది మనిషి ప్రాణానికే ముప్పు. పురుగు ఉన్నదని తెలిసిన చేన్లలో విత్తనానికే మందు పట్టించి వేయడం మేలని పల్లి చేన్ల పరిశోధనలో తేలింది. ఏ మందు, కిలోకు ఎంత అనేది మీ క్లస్టర్ ఏఈఓను అడిగి, డబ్బా మీది రాత చదివించుకుని వాడండి. మెటారైజియం అనే బూజు మందు కూడా ఉంది. దాన్ని బాగా మాగిన ఎరువులో కలిపి, తేమ ఉన్న మట్టిలో వేస్తేనే పని చేస్తుంది, ఎండిన చెల్కలో చల్లితే డబ్బు దండుగ. వేసవి దుక్కి సంగతి కూడా ఒక మాట. దుక్కి మంచిదే, గోరింకలు, కొంగలు నాగలి వెంట నడిచి పురుగులను ఏరుకు తింటాయి. కానీ ఎండకాలంలో తల్లి పురుగు చాలా లోతున ఉంటుంది, అన్నీ నాగలికి అందవు. ట్రాక్టరు కిరాయి ఇచ్చి నిశ్చింతగా కూర్చోవద్దు.

అసలు మందు ఊరంతా కలిసి పట్టడం. ఒక్కడు పడితే లాభం లేదు, పక్క చేను చెట్టు మీది పురుగు మీ చెల్కలో గుడ్డు పెట్టదని ఏ పంచాయితీ తీర్మానం చేయలేదు. రాజస్థాన్‌లో పల్లి రైతులు దీనితో ఎన్నో ఏళ్లు నష్టపోయి, చివరికి ఊళ్లకు ఊళ్లు కలిసి చెట్ల మీది తల్లి పురుగులను పట్టే దారికే వచ్చారు. జైపూర్ దగ్గరి దుర్గాపుర పరిశోధనా కేంద్రం వాళ్లకు అండగా నిలిచింది. మన దగ్గర బోనాలకు, బతుకమ్మకు ఊరంతా కదులుతుంది. తొలి వాన తర్వాత మూడు నాలుగు సాయంత్రాలు, గంటన్నర సేపు కదలలేమా?

పని కష్టమైనది కాదు. మంచి వాన పడ్డ రోజు చీకటి పడ్డాక ఓ గంట ఆగి, చెట్టు కింద పాత చీరలో, పట్టా కవరో పరిచి, పొడుగు కర్రతో కొమ్మలు గట్టిగా ఊపండి. పురుగులు రాలుతాయి. రాలినవాటిని బక్కెట్లో కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయండి. కిరోసిన్ దొరక్కపోతే సబ్బు నీళ్లు చాలు. చేతిలో టార్చి, కాళ్లకు బూట్లు మరిచిపోవద్దు, తొలకరికి పాములు కూడా బయటికొస్తాయి. ఏ చెట్టు మీద ఉన్నాయో పొద్దున్నే ఆకు చూస్తే తెలుస్తుంది, అంచులు కొరికి, జల్లెడలా చిల్లులు పడి ఉంటుంది. 2021 చివరలో మన రాష్ట్రంలో వేప చెట్ల కొమ్మలు చివరి నుంచి మాడిపోయాయి గుర్తుందా? అది తెగులు, ఈ పురుగు పని కాదు. పురుగు ఉన్నదని చెట్టును నరకడం మాత్రం తెలివితక్కువ పని. చెట్టు ఉంటేనే పురుగులన్నీ ఒక్క చోటికి వస్తాయి. నరికితే పురుగు ఇంకో చెట్టుకు పోతుంది, మీకు నీడ పోతుంది.

కొందరు దీపం ఎర పెడతారు. అదీ మంచిదే, కానీ దీపానికి పెండ పురుగులు కూడా వస్తాయి. బక్కెట్లో వేసేముందు చూడండి. వేరు పురుగు తల్లి గోధుమ రంగులోనో, ఎర్రమట్టి రంగులోనో ఉంటుంది, తల చిన్నది, కాళ్ల చివర కొక్కేలుంటాయి, చొక్కా మీద వేస్తే పట్టుకుని వదలదు. పెండ పురుగు ఎక్కువగా నల్లగా ఉంటుంది, తల ముందు భాగం పార లాగా వెడల్పుగా ఉంటుంది, ముందు కాళ్లకు రంపం పళ్లుంటాయి, కొన్ని మగవాటికి కొమ్ము కూడా ఉంటుంది. గుప్పిట్లో మూస్తే వేళ్ల సందులోంచి తవ్వుకుని బయటపడే బలం దానిది. దాన్ని చీకట్లోకి విసిరేయండి, పోయి పని చూసుకుంటుంది.

పెండ పురుగుకు మనం చేస్తున్న నష్టం ఇంకో దిక్కు నుంచి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 2017 నుంచి గొర్రెల పథకం వచ్చాక మన మండలాల్లో మందలు పెరిగాయి, మందులూ పెరిగాయి. గోమార్లకు, గజ్జికి, నట్టలకు ఐవర్‌మెక్టిన్ సూది వేయిస్తాం. మంచి మందే, దాన్ని కనుగొన్నవారికి 2015లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ ఆ మందు రోజుల తరబడి పెండలో దిగుతుంది, ఆ పెండలో పుట్టిన పురుగు పిల్ల చచ్చిపోతుంది. ఈ సంగతి ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 1987లోనే బయటపెట్టారు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ మందు వల్ల రాబందులు అంతరించే దాకా మనం మేల్కోలేదు. దాన్ని పశువులకు వాడకుండా 2006లో నిషేధించేసరికి మన ఆకాశంలో రాబందే కనిపించడం మానేసింది.

నేను మందు మానేయమనడం లేదు. నట్టలు ముదిరితే గొర్రె బతకదు, గొర్రె పోతే మీ ఏడాది బతుకు పోతుంది. చెప్పేదల్లా ఇంతే. నట్టలకు ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ వంటి మందులు సరిపోయే చోట, పెండ పురుగుకు వాటి వల్ల హాని చాలా తక్కువ. ఐవర్‌మెక్టిన్ అవసరమైన జీవానికి మాత్రమే, పశువుల డాక్టరును అడిగి వేయించండి, మందకంతా అలవాటుగా పొడిపించవద్దు. వేయించిన తర్వాత రెండు మూడు వారాలు ఆ జీవాలను వీలైతే దొడ్లో కట్టి మేపి, వాటి పెండను గుంతలో వేసి మాగబెట్టండి. పురుగులు ఎక్కువగా తిరిగే తొలకరి నెలలో తప్పనిసరైతే తప్ప ఆ సూది పెట్టించవద్దు.

ఇక కంచెల సంగతి. సాగర్ రోడ్డు పొడుగునా బీళ్లకు హద్దు రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. ఎడ్లను మాల్ అంగడికి తోలి, ట్రాక్టరు కిరాయికి పిలుచుకుంటున్నాం. ఎద్దు లేని ఇంట్లో పెండ లేదు, పెండ లేని చోట ఈ పురుగు లేదు. ఊరి ఉమ్మడి కంచెను, చెరువు శిఖాన్ని మేతకు కాపాడుకోవడం గొర్లకాపరుల పని మాత్రమే అనుకునే చిన్న రైతుకు ఇది పట్టదు. కానీ ఆ కంచెలో తిరిగిన గొర్రెల మందనే కదా మనం రాత్రిపూట చేనులో కట్టించుకునేది.

ఈ ఏడు రోహిణి కార్తె రాకముందే మీ ఊరి రైతు వేదికలో ఒక సాయంత్రం కూర్చోండి. ఎవరి గట్టు మీద వేప, రేగు, తుమ్మ చెట్లు ఎన్ని ఉన్నాయో ఒక కాగితం మీద రాయించండి. పది చెట్లకు నలుగురు చొప్పున పేర్లు వేసుకోండి. వాన పడ్డ రోజు పంచాయతీ మైకులో ఒక్క మాట చెప్పిస్తే చాలు. మైకు కరెంటు లేక పని చేయకపోతే పాత పద్ధతిలో డప్పు కొట్టించండి, అది ఇంకా దూరం వినిపిస్తుంది.